ప్రపంచీకరణతో నిజంగా బాగుపడ్డామా? రొయ్యల చెరువు దగ్గర మొదలుపెడదాం

ఉండి_కాలువ:

దేశాల మధ్య సరుకు, డబ్బు, మనుషులు ఇంత ధారాళంగా తిరగడం మొదలయ్యాక మనిషి బతుకు బాగుపడిందా, పాడైందా అన్న చర్చ ఇక్కడ చాలాసార్లు లేచి మధ్యలోనే ఆగిపోయింది. ఎవరి పార్టీ మాట వాళ్లు చెప్పుకోవడంతోనే సరిపోతోంది. ఈసారి నాకు తెలిసిన పంటతో మొదలుపెడుతున్నాను. మీరూ మీ కళ్లతో చూసిన పని గురించే రాయండి.

మాది పశ్చిమ గోదావరి. నాన్న, బాబాయి కలిసి కొంత సొంత భూమిలో, కొంత లీజుకు తీసుకుని వనామీ వేస్తారు. ఈ రొయ్య మన దేశపుది కాదు, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది. 2009లో అనుమతి వచ్చాకే మన చెరువుల్లోకి దిగింది. తల్లి రొయ్యలు విమానంలో చెన్నై వస్తాయి, అక్కడ క్వారంటైన్‌లో ఉంచి పరీక్షలు చేశాక రొయ్య పిల్లలు తీసే హేచరీలకు పంపుతారు. పండిన సరుకుకు అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2023-24లో దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తుల విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో ఫ్రోజెన్ రొయ్యదే 40 వేల కోట్లు. దేశంలో పండే రొయ్యలో సింహభాగం ఆంధ్రాదే. మా వీధిలో పెంకుటిళ్లు డాబాలయ్యాయన్నా, నేను హైదరాబాద్‌లో చదువుకున్నానన్నా ఆ డబ్బుతోనే.

2025 ఏప్రిల్‌లో ట్రంప్ మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించాడు. దాని అమలును వాయిదా వేశారు. కానీ ప్రకటన వచ్చిన ఒకటి రెండు రోజులకే ఇక్కడ కౌంట్ ధరలు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధరలు) తగ్గించేశారు. ఆ ఏడాది ఆగస్టు 27న అది 50 శాతం అయింది. అప్పటికి మా చెరువులో సరుకు పట్టుబడికి దగ్గరపడింది. ధర వచ్చేదాకా ఆగుదామంటే కుదరదు. రోజూ మేత వేయాలి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిరగాలి. అర్ధరాత్రి కరెంటు పోయి జనరేటర్ స్టార్ట్ కాకపోతే తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలుతుంది. కాబట్టి ఎంతకు అడిగితే అంతకు ఇచ్చేశాం.

ఇన్నేళ్ల లాభం నిజమే, ఈ దెబ్బా నిజమే. మొత్తం మీద చూస్తే ముందుకే వచ్చామంటారా?

ఓరుగల్లు_మాస్టారు:

ముందుకే వచ్చామండీ. కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను కాబట్టి ముందు లెక్క చెబుతాను. ప్రపంచ బ్యాంకు 2025 జూన్ దాకా వాడిన పేదరిక గీత ప్రకారం 1990లో కటిక పేదరికంలో ఉన్నవాళ్లు దాదాపు 200 కోట్ల మంది. 2019 నాటికి ఆ సంఖ్య 70 కోట్ల దరిదాపులకు దిగింది. ఈలోగా ప్రపంచ జనాభా 200 కోట్లకు పైగా పెరిగింది, అయినా దిగింది. చరిత్రలో ఇంతమంది ఇంత తొందరగా ఆకలి నుంచి బయటపడిన కాలం ఇంకొకటి లేదు. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే ఆకలి అంటే ఏమిటో మా తాత తరానికి తెలుసు.

అయితే ఆ ఘనత అంతా తలుపులు బార్లా తెరవడానికే కట్టబెట్టడం సరికాదు. ఆ తగ్గుదలలో అతిపెద్ద వాటా చైనాది. వాళ్లు ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో చేరింది 2001 డిసెంబరులో. అంతకు ముందు ఇరవై ఏళ్లు భూమిని కుటుంబాలకు పంచి సాగు చేయించారు, పల్లెల్లో చిన్న ఫ్యాక్టరీలు నడిపారు, బ్యాంకుల్ని ప్రభుత్వం చేతిలోనే ఉంచుకున్నారు. ఏ తలుపు ఎప్పుడు ఎంత తెరవాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. అదే కాలంలో సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికాలో పేదల సంఖ్య తగ్గకపోగా పెరిగింది. తలుపు తెరిస్తే చాలనుకుంటే అక్కడా తగ్గి ఉండాలి కదా.

మా జిల్లాలో 1997-98లో పత్తి రైతుల ఆత్మహత్యలు చూశాను. పురుగు, నకిలీ మందులు, వడ్డీ వ్యాపారి, కిందపడిన ధర అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. సగటు పెరుగుతున్న కాలంలోనే ఒక ఊరు కూలిపోవచ్చు.

శనక్కాయ_సీమ:

మాస్టారూ, ఆ ఆఖరి మాటకు మా అనంతపురం సాక్ష్యం. 1994లో పామాయిల్ దిగుమతికి గేట్లు ఎత్తారు. 1998 నాటికి సుంకం 15 శాతానికి తెచ్చారు. మలేషియా, ఇండోనేషియా నూనె రేవుల్లో దిగింది. పట్నంలో కూలి చేసుకునేవాడికి నూనె చవకైంది, అది మంచిదే, కాదనను. శనక్కాయ పండించే మాకు మాత్రం గిట్టుబాటు పోయింది. వానలు లేకపోవడం ఒక కారణం, ఏళ్ల తరబడి ఒక్క పంటనే నమ్ముకోవడం ఇంకో కారణం, సరే. కానీ కరువు వచ్చిన ఏడాది పంట తగ్గితే కనీసం ధర పెరిగేది. అది కొంత ఆదుకునేది. దిగుమతి నూనె వచ్చాక పంట పోయినా ధర లేదు, పండినా ధర లేదు. ఇప్పుడు దేశం వాడే నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. మా వాళ్లు బెంగళూరు అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్ పనికి పోతున్నారు.

పాత_చెరువు:

ఉండి అబ్బాయ్, మీ తరానికి ఇది మొదటి దెబ్బేమో. మేము 1990ల మొదట్లో టైగర్ రొయ్య వేశాం. అప్పుడు జపాన్‌కు వెళ్లేది. డబ్బు ఎలా వచ్చిందో చెబితే నమ్మరు. భార్య మెడలో పుస్తెల తాడు తాకట్టు పెట్టి చెరువు తవ్వినవాడు ఏడాది తిరిగేసరికి కారు కొన్నాడు. 1994-95లో వైట్ స్పాట్ వచ్చింది. రొయ్య తల పెంకు మీద తెల్ల మచ్చలు కనిపించాయంటే ఇక వారం రోజుల్లోపే చెరువు ఖాళీ. ఆ జబ్బు కూడా తూర్పు ఆసియా నుంచి దేశాలు దాటుకుంటూ వచ్చిందే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతంలో రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. మాలో చాలామందిమి మళ్లీ వరిలోకి వెళ్లిపోయాం. ఉప్పెక్కిన నేలలో వరి సరిగ్గా పండలేదు.

నేను చెప్పేది ఒక్కటే. సొంత భూమి ఉన్నవాడు దెబ్బ తిన్నా లేస్తాడు. లీజు రైతు లేవడు. ఏ ఊరికైనా వెళ్లి ఐపీ పెట్టి దివాలా తీసినవాళ్లు ఎవరో అడగండి, అందరూ లీజువాళ్లే.

సార్వా_చేను:

రొయ్య రైతు కష్టం రాశారు, బాగుంది. ఆ చెరువు పక్కన వరి చేసేవాడి సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

మా చేను మూడు వైపులా చెరువులే. ఉప్పు నీరు గట్టు కింద నుంచి ఊరుతుంది. ముందు గట్టు వారన ఉన్న మడిలో నారు ఎర్రబారింది, తర్వాత ఏడాది రెండో మడి, ఆ తర్వాత మూడోది. దిగుబడి సగం పడిపోయాక లీజుకు ఇచ్చేయమని అడిగారు. అది మా ఇష్టంతో ఇచ్చినట్టు కాగితాల్లో ఉంటుంది. ఊళ్లో బోరు నీళ్లు నోట్లో పెట్టలేం, ఇరవై లీటర్ల క్యాన్ కొనుక్కుంటున్నాం. ఎకరం వరికి నాట్ల దగ్గర్నుంచి కోతల దాకా ఎంతమంది ఆడవాళ్లకు పని ఉండేదో మీకు తెలుసు. చెరువుకు ఇద్దరు కాపలావాళ్లు చాలు. 60 వేల కోట్ల లెక్కలో మా నీళ్ల ఖర్చు ఎక్కడ రాశారో చూపించండి.

కొల్లేరు సంగతి సరేసరి. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో చెరువు గట్లు బాంబులు పెట్టి పేల్చారు, మళ్లీ గట్లు లేచాయి. డబ్బు అంత బలంగా లాగుతున్నప్పుడు ఏ చట్టమూ నిలబడటం లేదు.

ఉండి_కాలువ:

సార్వా గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ అందరం కావాలని చేసినట్టు రాయకండి. మా చెరువులు రిజిస్ట్రేషన్ ఉన్నవే. డ్రెయిన్ పూడిక తీయించమని మేమూ అర్జీలు పెడుతూనే ఉన్నాం. వరి మీద బతకలేకే కదండీ మా నాన్న చెరువు తవ్వించింది. వరికి ఎకరానికి ఏం మిగులుతుందో మీకు నేను చెప్పాలా?

సార్వా_చేను:

వరికి మిగలదని నాకూ తెలుసు బాబూ. మీ నాన్న గారి మీద నాకు కోపం లేదు. చెరువు తవ్వడానికి ఆయనకు కారణం ఉంది. ఆ ఉప్పు తాగడానికి మాకు ఏ కారణం ఉందని అడుగుతున్నాను.

తీరం_అమ్మాయి:

మా అమ్మ ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పని చేస్తుంది. ఇందాకటి నుంచి చదువుతున్నాను, ప్లాంట్ మాట ఎవరైనా ఎత్తుతారేమోనని.

తెల్లవారుజామున వ్యాన్ వస్తుంది. లోపలికి వెళ్లాక తలకు టోపీ, మూతికి మాస్క్, గ్లౌజులు, గమ్ బూట్లు. రొయ్య ఐసులో ఉంటుంది. ఎడమ చేత్తో పట్టుకుని తల విరిచి, కాళ్ల వైపు నుంచి పెంకు ఒలిచి, వీపు మీద నల్లటి నరం లాగేయాలి. పనికి అలవాటు పడ్డవాళ్లు మాట్లాడుకుంటూనే చేసేస్తారు. గ్లౌజు చిరిగిందంటే మధ్యాహ్నానికి వేళ్లు పాసిపోయి తెల్లగా అయిపోతాయి. రాత్రి కొబ్బరి నూనె రాసుకుని పడుకుంటుంది. కూలి ఒలిచిన కిలోల లెక్కన.

అయినా అమ్మ ఆ పని వదలనంటుంది. పొలం కూలికి వెళ్లిన రోజుల్లో డబ్బు నాన్న చేతికి వెళ్లేది. ఇప్పుడు తన బ్యాంకు ఖాతాలో పడుతుంది. నా డిగ్రీ ఫీజు ఆ ఖాతా నుంచే కట్టింది. ప్రపంచీకరణ మంచిదా చెడ్డదా అని మా అమ్మను అడిగితే, మంచిదే, కూలి పెంచమను అంటుంది.

విదేశాల నుంచి ఆడిటర్లు వచ్చినప్పుడు నేల మీద నీళ్లు నిలిచాయా, చేతులు కడుక్కున్నారా, రొయ్యలో యాంటీబయాటిక్ ఉందా అన్నీ చూస్తారు. కూలి ఎంత ఇస్తున్నారని అమ్మను మాత్రం ఎవరూ అడగలేదు. తినేవాళ్ల ఆరోగ్యం కోసం రూల్స్ సముద్రం దాటి వచ్చాయి. ఒలిచేవాళ్ల కోసం రాలేదు.

హ్యూస్టన్_తెలుగు:

తీరం_అమ్మాయి రాసింది రెండుసార్లు చదివాను. ఈ చివర ఏం జరుగుతోందో నేను చెబుతాను.

టెక్సాస్, లూసియానా తీరంలో రొయ్యల పడవలవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది 1975 తర్వాత వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చి, వలలు అల్లుకుని, పడవలు కొనుక్కుని నిలదొక్కుకున్న కుటుంబాలవాళ్లు. ఇప్పుడు అమెరికా తినే రొయ్యలో 90 శాతానికి పైగా దిగుమతే. పడవ డీజిల్ ఖర్చుకు కూడా ధర రాదు. వాళ్లు 2003 చివర్లో కేసు వేస్తే 2005లో ఇండియా, థాయిలాండ్, వియత్నాం లాంటి దేశాల రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి అమ్ముతున్నారని వేసేది) వేశారు. 2024 చివర్లో మన రొయ్య మీద ఇంకో సుంకం చేరింది. 50 శాతం దీని తర్వాతది.

రేవులో ఆగి ఉన్న పడవలు చూస్తే, అమ్మకానికి అని రాసిన బోర్డులు చాలా కనిపిస్తాయి. వాళ్ల పిల్లలు పడవ ఎక్కడం లేదు. మన చెరువు రైతుకు డాబా కట్టించిన ధరే వీళ్లను ముంచింది. దిగుమతి వల్ల ఉద్యోగం పోయినవాళ్లకు సాయం చేయడానికి ఇక్కడ 1962 నుంచి ఒక పథకం ఉండేది. 2022లో గడువు తీరితే దాన్ని పొడిగించలేదు. ఇంత డబ్బున్న దేశమే నష్టపోయినవాడిని వదిలేసింది, అందుకే ఆ కోపం ఓటుగా మారి, సుంకంగా మారి, మీ కౌంట్ ధర మీద పడింది. నేను సుంకాన్ని సమర్థించడం లేదు. అది ఎక్కడి నుంచి పుట్టిందో చెబుతున్నాను.

కోరుట్ల_నుంచి:

అన్నా, సరుకు గురించి అందరూ రాసిన్రు. మనుషుల ఎగుమతి గురించి నేను రాస్త. మా దిక్కు పంట గల్ఫే. మా ఇంట్ల ముగ్గురం దుబాయ్, మస్కట్ చూసినం. 2023లో మన దేశానికి బయటి నుంచి మనోళ్లు పంపిన పైసలు దగ్గర దగ్గర 120 బిలియన్ డాలర్లు, ప్రపంచంల అందరికన్న ఎక్కువ. మా ఊళ్ల బోర్లు, చెల్లెళ్ల పెళ్లిళ్లు, బడి ఫీజులు అన్నీ అవే.

కానీ సరుకు పాడైతే కంటైనర్ వాపస్ వస్తది, బీమా ఉంటది. మనిషి పోతే శవం రావడానికి వారాలు పడుతది. విజిట్ వీసా మీద పోయినోనికి ఏ కాగితం ఉండదు. ఈసీఆర్ (పనికి పోవాల్నంటే సర్కారు అనుమతి కావాల్సిన) పాస్‌పోర్ట్ మీద సక్రమంగ పోయేటోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది, ప్రీమియం రెండేండ్లకు 275 రూపాయలు, ప్రమాదంల చనిపోతే 10 లక్షలు. ఏజెంట్ చెప్పడు. మీరు తెలిసినోళ్లకు చెప్పున్రి. ఈ చర్చతోని ఒక్కరికైనా ఆ సంగతి తెలిస్తే నాకు అదే చాలు.

వాల్తేరు_డాక్టరమ్మ:

ఇంతవరకు ధరల మీద నడిచింది, నేను ప్రాణాల మీదకు తీసుకెళ్తాను. 1990లో ప్రపంచంలో ఏటా కోటీ ఇరవై లక్షలకు పైగా పిల్లలు ఐదేళ్లు నిండకుండానే చనిపోయేవారు. 2022లో ఆ సంఖ్య 50 లక్షల లోపుకు వచ్చింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. నేను హౌస్ సర్జన్సీ చేసిన రోజుల్లో పోలియో కాళ్లతో వచ్చే పిల్లలు ప్రతి ఓపీలో ఉండేవాళ్లు. ఇప్పటి విద్యార్థులకు ఆ జబ్బు పుస్తకంలో తప్ప కనిపించదు. ఇది దేశాలు కలిసి చేయకపోతే జరిగేది కాదు.

అయితే ఇందులో మార్కెట్ ఎంత, మార్కెట్‌ను ఎదిరించినవాళ్లు ఎంత అన్నది కూడా చూడాలి. హెపటైటిస్ బి టీకా ఒకప్పుడు విదేశాల నుంచే వచ్చేది, మామూలు కుటుంబానికి అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ అదే టీకాను చాలా తక్కువ ధరకు తెచ్చింది. ఎయిడ్స్ మందులకు మనిషికి ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా అవుతున్న రోజుల్లో, 2001లో మన మందుల కంపెనీ సిప్లా 350 డాలర్లకు ఇస్తానని ముందుకొచ్చింది. అప్పటి మన పేటెంట్ చట్టం అందుకు వీలిచ్చింది. 2005లో డబ్ల్యూటీఓ ఒప్పందం ప్రకారం ఆ చట్టాన్ని మార్చాల్సి వచ్చింది. ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు నిలిపిన మందు మన దేశం నుంచి వెళ్లిందంటే, మనం మన చట్టాన్ని చేతిలో ఉంచుకున్నందువల్లే.

మళ్లీ అదే మందుల పరిశ్రమ పటాన్‌చెరు వాగులను ఏం చేసిందో చూడండి. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధయ్యాక బయటకొచ్చే నీళ్లు పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ ఉంది. మందులకు లొంగని సూక్ష్మజీవులు అలాంటి చోటే తయారవుతాయి. సార్వా గారి ఉప్పు నీరూ ఇదీ ఒకే కథ. మందు ప్రపంచమంతా వెళ్లింది, మురుగు ఊళ్లోనే మిగిలింది.

ఓరుగల్లు_మాస్టారు:

డాక్టరమ్మ గారూ, చాలా ముఖ్యమైన మాట చెప్పారు. తీరం_అమ్మాయి అన్నదానికి దీన్ని కలుపుతాను. రూల్స్ పనివాళ్ల కోసం కూడా సముద్రం దాటగలవు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది బట్టల ఫ్యాక్టరీ కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత 200కు పైగా విదేశీ బ్రాండ్లు కార్మిక సంఘాలతో కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. చట్టబద్ధంగా కట్టుబడాల్సిన ఒప్పందం అది. ఇంజనీర్లు ఫ్యాక్టరీలు తనిఖీ చేశారు, ఫైర్ డోర్లు పెట్టించారు, ప్రమాదకరమైన భవనాలు మూయించారు. అంతమంది చనిపోతే గానీ అది జరగలేదన్నది వేరే విషయం. కానీ జరగొచ్చని తేలింది. అలాంటిది రొయ్యల ప్లాంట్లకు ఎందుకు లేదని మనం అడగాలి.

పాత_చెరువు:

రైతు మాట కూడా కలపండి మాస్టారూ. 2024లో కేంద్రం మత్స్య రైతుల కోసం తెచ్చిన పథకంలో ఆక్వా బీమాకు ప్రోత్సాహం ఇస్తామన్నారు. మంచిదే. అది చెరువులో పంట పోతే పనికొస్తుంది. పంట చేతికొచ్చి ధర పోతే ఎవరిస్తారు?

ఉండి_కాలువ:

అందరికీ దండాలు. నా మనసులో ఉన్నది రాస్తాను.

తలుపులు మూసుకుందామంటే నేను ఒప్పుకోను. మా ఇంటికి వచ్చిన మంచి అబద్ధం కాదు, తీరం_అమ్మాయి వాళ్లమ్మ ఖాతా అబద్ధం కాదు, డాక్టరమ్మ గారు చెప్పిన పిల్లల లెక్క అసలే అబద్ధం కాదు. కానీ సుంకం పడిన రోజున అక్కడి దిగుమతిదారు తన వాటా తీసుకున్నాడు, ఇక్కడి ఎగుమతిదారు తన వాటా తీసుకున్నాడు, మేత కంపెనీ ధర తగ్గించలేదు, కమీషన్ ఏజెంట్ తన కమీషన్ పట్టుకున్నాడు. మిగిలిన నష్టం అంతా చెరువు మీదికి వచ్చింది. చెరువు నుంచి ప్లాంట్ కూలీ మీదికి, పక్క చేను మీదికి పోయింది. లాభం పైనుంచి కిందికి చుక్క చుక్కగా దిగింది, నష్టం మాత్రం ఒక్క రోజులో దిగింది. దీన్ని సరిచేయకుండా ప్రపంచం మెరుగుపడుతోందని సగటు చూపిస్తే మా నాన్న వినరు.

నాకు కావాల్సింది మూడే. ధర ఎలా కడుతున్నారో ఎగుమతిదారులు బయటపెట్టాలి. లీజు రైతుకు కాగితం ఉండాలి, అప్పుడే బ్యాంకు లోను, బీమా వర్తిస్తాయి. సార్వా గారి చేను చుట్టూ డ్రెయిన్ తవ్వే ఖర్చు చెరువువాళ్ల నుంచే వసూలు చేయాలి, మాతో సహా. ఈసారి మేం సగం చెరువుల్లోనే సీడ్ (రొయ్య పిల్లలు) వేస్తున్నాం.

సార్వా_చేను:

ఆ మూడోది మీ ఊరి సంఘంలో కూడా చెప్పండి బాబూ. చెబితే నేనూ వస్తాను.

తీరం_అమ్మాయి:

ఒక సాయం కావాలి. ఆర్డర్లు తగ్గాయని అమ్మను ఈ వారం మూడు రోజులే పిలిచారు. పీఎఫ్ పట్టుకుంటున్నామని కాంట్రాక్టర్ ఎప్పటి నుంచో చెబుతున్నాడు, కానీ ఒక్క కాగితం ఇవ్వలేదు. అసలు కడుతున్నాడో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఓరుగల్లు_మాస్టారు:

అమ్మ ఆధార్‌కు లింకైన ఫోన్‌లో ఉమంగ్ యాప్ పెట్టి ఈపీఎఫ్ఓ (పీఎఫ్ సంస్థ) విభాగంలో యూఏఎన్ నంబర్, అంటే అమ్మ పీఎఫ్ నంబర్, చూడమ్మా. నంబర్ దొరికితే పాస్‌బుక్‌లో నెలనెలా పడిన డబ్బు కనిపిస్తుంది. ఏమీ లేకపోతే భయపడొద్దు. కాంట్రాక్టర్ కట్టకపోతే పని చేయించుకున్న ప్లాంట్‌కే బాధ్యత ఉంటుంది. కూలి పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకో, ఎన్నేళ్లుగా పని చేస్తోందో దాంట్లోనే ఉంటుంది. అర్జీ ఎలా రాయాలో ఇక్కడే చెబుతాను.